తీరిక ఎవరి చేతిలో?

రోజులోని ఇరవై నాలుగు గంటల్ని మూడు పద్దుల కింద రాసుకోవచ్చు. పొట్టకూటి కోసం చేసే పని మొదటిది. నిద్ర, తిండి, స్నానం, ఇంటి చాకిరీ, ప్రయాణం వంటి తప్పనిసరి అవసరాలు రెండోది. ఈ రెండూ పోగా, ఒకరికి జవాబు చెప్పుకోనక్కర్లేకుండా గడిపే సమయం మూడో పద్దు. అదే తీరిక. ఆ తీరికలో ఇష్టపడి చేసే ఆటపాటలు, షికార్లు, చదువు, కబుర్లు, పెరటి తోటపని వినోదం కిందికి వస్తాయి. తీరికా వినోదమూ ఎప్పుడూ జోడుగా నడవాలని లేదు. షిఫ్టు ముగించుకుని, గంటన్నర సేపు బస్సులో నిలబడి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరిన మనిషికి కాస్త తీరిక దొరికినా వినోదానికి ఓపిక మిగలదు. నడుం వంచి నాట్లు వేస్తూ పాట అందుకునే కూలీలకు తీరిక ఉండదు, వినోదం ఉంటుంది.

మూడో పద్దును చాలాకాలం మిగులుగానే లెక్కగట్టారు. పని అయ్యాక ఏమైనా మిగిలితే సరే, లేకపోతే లేదు. గత నాలుగైదు దశాబ్దాల పరిశోధన ఈ లెక్కను తిరగరాసింది. మనిషి ఆరోగ్యానికీ మనశ్శాంతికీ తీరిక ఎన్ని గంటలన్నది ఒక్కటే చాలదు. ఆ గంటల మీద పెత్తనం ఎవరిది, వాటిని గడపడానికి ఒక చోటూ ఒక తోడూ ఉన్నాయా అన్నవీ అంతే లెక్కకు వస్తాయి.

ఆదివారం ఊరికే రాలేదు

వ్యవసాయం మీద బతికిన సమాజాల్లో తీరిక రుతువుల్ని బట్టి వచ్చేది. పంట ఇంటికి చేరాక సంక్రాంతి. ఎండాకాలం పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు పెళ్లిళ్లు, జాతర్లు, రాత్రంతా సాగే తోలుబొమ్మలాటలు, వీధి భాగవతాలు. మిల్లు కూత ఈ క్రమాన్ని తుడిచిపెట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు బొంబాయి బట్టల మిల్లులు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా నడిచేవి. వారానికో సెలవు అన్న మాటే లేదు. 1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం నెలకు నాలుగు సెలవులు ఇమ్మన్నది, అదీ పిల్లలకు మాత్రమే. కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల్ని కూడగట్టి వారపు సెలవు అడిగారు. ఆరేళ్లు పోరాడాక, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది వారపు సెలవు చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు ఆదివారం అనుబంధాలు వేసే పత్రికలకూ, వాటిని కాఫీతో పాటు చదివే ఇళ్లకూ లోఖండే పేరు పెద్దగా గుర్తు లేదు.

పని గంటలు వారానికి 48కి తగ్గడానికి మరో యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రాతిపని మేస్త్రీలు 1856లోనే పనిముట్లు కింద పెట్టి ఊరేగింపు తీసి, ఎనిమిది గంటల పని దినాన్ని సాధించుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒడంబడిక కూడా రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితి గురించే. మన దేశంలో వారానికి పని గంటల గరిష్ఠ పరిమితి 1922లో 60, 1934లో 54, 1946లో 48. ఆ చివరి సవరణకు రంగం సిద్ధమైన రోజుల్లో వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసింది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ 48 గంటల్నే నిలబెట్టింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన, 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ హక్కులుగా రాసింది. భారత రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకు బతకడానికి చాలిన వేతనంతో పాటు తీరికను పూర్తిగా అనుభవించే వీలు కల్పించడానికి రాజ్యం పాటుపడాలంటుంది. ఆదేశిక సూత్రం కాబట్టి, దాని కోసం కోర్టుకెక్కడానికి లేదు.

యంత్రాలు పెరిగేకొద్దీ పని తగ్గుతుందని ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో అంచనా వేశారు. వందేళ్లలో వారానికి పదిహేను గంటలు పని చేస్తే సరిపోతుందన్నది ఆయన లెక్క. ఆ గడువు దగ్గర పడింది. ఈలోగా 2023లో మన దేశంలో జోరుగా నడిచిన చర్చ, యువత వారానికి డెబ్బై గంటలు పని చేయాలా వద్దా అన్నది. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకూ పని చేయించుకోవచ్చని, వారానికి 48 దాటితే అదనపు వేతనం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. వారం మొత్తం మారకపోతే రోజువారీ గంటలు పెరగడం వల్ల నష్టమేమిటని అడిగేవారున్నారు. ప్రయాణం కూడా కలుపుకుంటే, ఆ గంటలు ఊడిపోయేది సరిగ్గా మూడో పద్దులోంచే.

ఎక్కువ పని శరీరానికి ఏం చేస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవారికి, 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఈ కారణంతో 7,45,000 మంది చనిపోయారని అంచనా.

పని లేకపోవడం తీరిక కాదు

మరి పని మొత్తంగా పోతే? ఈ ప్రశ్నకు జవాబు ఆస్ట్రియాలో దొరికింది. వియన్నాకు చేరువలోని మారియంతాల్ అనే ఊరు ఒకే ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో 1929-30 మధ్య ఆ మిల్లు మూతపడింది. ఊళ్లో ఉన్న 478 కుటుంబాల్లో ఎక్కువ వాటికి పని పోయింది. మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకుల బృందం ఆ ఊరికి వెళ్లి, బట్టలు పంచిపెట్టడం, వైద్యం చేయించడం వంటి పనుల్లో చేయి వేస్తూ జనంతో కలిసిపోయి సమాచారం పోగు చేసింది. 1933లో పుస్తకంగా వచ్చిన ఆ అధ్యయనం నేటికీ సామాజిక శాస్త్రంలో చెక్కుచెదరకుండా నిలిచింది.

చేతినిండా సమయం ఉన్న ఊళ్లో జనం ఎక్కువ చదువుతారని, ఎక్కువ ఆడతారని అనుకోవడం సహజం. అక్కడ జరిగింది తలకిందులు. కార్మికుల గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడానికి ఉన్న రుసుమును ఎత్తేసినా, రెండేళ్లలో జనం తీసుకున్న పుస్తకాల సంఖ్య సగానికి పడిపోయింది. క్లబ్బులు చప్పబడ్డాయి. పరిశోధకులు ఒక కిటికీ వెనక కూర్చుని, చేతిలో గడియారం పట్టుకుని, ఊరి ప్రధాన వీధిలో నడిచేవాళ్లను గమనించారు. మగవాళ్లు దారిలో రెండు మూడు చోట్ల ఆగుతూ, ఏ తొందరా లేకుండా ఈడుస్తూ నడిచారు. ఆడవాళ్లు వాళ్లకంటే వేగంగా, ఆగకుండా వెళ్లిపోయారు. రోజంతా ఏం చేశారో గంటగంటకూ రాసివ్వమంటే మగవాళ్ల కాగితాల్లో చెప్పుకోదగ్గవి మూడే: లేవడం, మధ్యాహ్నం తినడం, పడుకోవడం. మధ్యలో ఏం జరిగిందో వాళ్లకే గుర్తు లేదు. ఆడవాళ్లకు ఇంటి పని ఉంది, కాబట్టి వాళ్ల రోజు విరిగిపోలేదు. అయినా డబ్బు మాట అటుంచి, నలుగురితో కలిసి పని చేసే మిల్లు జీవితమే మేలని వాళ్లలోనూ చాలామంది చెప్పారు.

హద్దు లేని సమయం తీరిక కాలేదన్నది మారియంతాల్ చూపించిన నిజం. రోజుకు ఎన్ని గంటల తీరిక ఉంటే మనిషి సంతోషంగా ఉంటాడో అమెరికాలో వేలమంది సమాచారంతో 2021లో చూసిన ముగ్గురు పరిశోధకులకూ దాదాపు ఇదే కనిపించింది. రెండు గంటల కంటే తక్కువైతే ఒత్తిడి. రెండు నుంచి అయిదు గంటల మధ్య బాగుంది. అయిదు దాటితే మళ్లీ తృప్తి తగ్గుతూ వచ్చింది. అయితే ఆ అదనపు గంటల్ని ఒక పనికొచ్చే వ్యాపకంతోనో నలుగురితో కలిసో గడిపినవాళ్లలో ఆ తగ్గుదల కనిపించలేదు. ఉద్యోగ విరమణ చేసిన మర్నాటి నుంచి ఏం చేయాలో తోచని పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఉంటాడు. గుళ్లో భజన బృందంలో చేరినవాడో, కాలనీ సంఘం లెక్కలు నెత్తినేసుకున్నవాడో ఆరు నెలల్లో తేరుకోవడం కూడా ఆ వీధివాళ్లకు తెలిసిన సంగతే.

అలసట ఎలా తీరుతుంది

పని చేస్తున్నంతసేపూ గుండె వేగం, రక్తపోటు, కార్టిసాల్ వంటి హార్మోన్ల స్థాయి పెరిగి ఉంటాయి. పని ఆగితే ఇవి క్రమంగా మామూలు స్థాయికి దిగుతాయి. ఆగిన పనిని మనసు మాత్రం మోస్తూనే ఉంటే దిగవు. అలసట తీరకముందే మర్నాటి పని మొదలవుతుంది, నిన్నటి బరువు మీద ఇవాళ్టి బరువు పడుతుంది. జర్మన్ మనస్తత్వవేత్త సబీన్ సొనెంటాగ్, షార్లెట్ ఫ్రిట్జ్‌తో కలిసి 2007లో ఈ తేరుకోవడాన్ని కొలిచే పద్ధతి రూపొందించారు. అందులో నాలుగు అంశాలు: పని ఆలోచనల నుంచి మనసు తెగిపోవడం, ఒంటికీ మనసుకూ విశ్రాంతి, కొత్తదేదో నేర్చుకుంటున్నానన్న తృప్తి, ఆ సమయం తన అదుపులో ఉందన్న భావన. వీటిలో మొదటిదే అన్నిటికంటే గట్టిది, ఇవాళ అన్నిటికంటే కరువైందీ అదే. రాత్రి పదింటికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడే ఒక్క మెసేజీ పని చేయించకపోయినా, ఇంట్లో కూర్చున్న మనిషిని తిరిగి సీట్లో కూర్చోబెడుతుంది.

మూడో అంశం కొందరికి వింతగా తోస్తుంది. అలసిన మనిషికి వీణ పాఠమో ఈత పాఠమో ఎందుకు? ఏమీ చేయకుండా పడుకుంటే చాలదా? దీని మీద మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, ఆయన సహచరులు చేసిన పని చాలా చెబుతుంది. పరిశోధనలో పాల్గొన్నవాళ్ల దగ్గర పేజర్లు ఉంచి, రోజులో అనుకోని వేళల్లో మోగించి, ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, ఎలా ఉన్నారు అని రాయించుకునేవారు. టీవీ చూస్తున్నంతసేపూ జనం హాయిగానే ఉన్నట్టు రాశారు. టీవీ కట్టేశాక ఆ హాయి నిలవలేదు, పైగా నీరసంగా ఉందన్నారు. ఆటలు ఆడినవాళ్లు, ఇష్టమైన వ్యాపకంలో ఉన్నవాళ్లు మాత్రం అది ముగిశాక కూడా హుషారుగా ఉన్నారు. చేతిలోని నైపుణ్యానికి సరితూగే సవాలు ఎదురైనప్పుడు మనిషి కాలం మరిచిపోయి మునిగిపోయే స్థితిని ఆయన వివరించారు. క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు కుర్రాళ్లు, ఎరుపు కాయిన్ మీద గురిపెట్టినప్పుడు, పక్కింట్లో ఏం జరిగినా వినిపించుకోరు. రీల్స్ చూసేటప్పుడూ కాలం తెలియదు గానీ, అక్కడ వేలు కదలడం తప్ప సవాలేదీ లేదు. గంటసేపు చూసినవాటిలో ఒక్కటైనా గుర్తుందేమో అడిగితే తేడా తెలిసిపోతుంది.

చెట్టూ పుట్టా చూడటం వల్ల వచ్చే మేలుకు కూడా ఆధారాలున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న రోగుల రికార్డుల్ని పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ పోల్చి చూశారు. మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు 23 మంది, ఇటుక గోడ కనిపించినవాళ్లు 23 మంది. చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, వాళ్లకు గట్టి నొప్పి మందుల అవసరమూ తక్కువే పడింది. ఇది 1984 నాటి మాట. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి 2019లో వెలువరించిన మరో అధ్యయనంలో, వారానికి రెండు గంటలైనా పార్కుల్లో, అడవుల్లో, సముద్ర తీరాల్లో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, వారమంతా కాస్త కాస్తగా గడిపినా తేడా లేదు.

తీరిక పేరుతో వచ్చేదంతా మేలు చేయదు. పేకాట, పందేలు, తాగుడు మొదట్లో కాలక్షేపమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వచ్చాక అది జేబులోకే చేరింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటల్ని నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆపాలనుకున్నప్పుడు ఆపగలగడం వినోదానికి ఉండాల్సిన కనీస లక్షణం. అది పోయిన చోట సమయం మీద పెత్తనం మళ్లీ వేరొకరి చేతిలోకి వెళ్లినట్టే.

గోరింటాకు పెట్టుకున్న రాత్రి

ఇంట్లో అందరికంటే తీరిక తక్కువ ఉన్నది ఎవరికో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఉన్న లెక్కలు మాత్రం కళ్లు తెరిపించేవే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే మహిళలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటి పని చేసే పురుషులకు అది 88 నిమిషాలు. 2019 నాటి సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో ఇద్దరికీ తగ్గింది, ఇద్దరి మధ్య దూరం అలాగే ఉంది. పైగా ఇంటి ఆడవాళ్ల తీరిక ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సీరియల్ చూస్తూ చిక్కుడుకాయల ఈనెలు తీయడాన్ని సర్వేలో ఏ పద్దు కింద రాయాలో చెప్పడం కష్టం. కుక్కర్ కూత వినబడేలా కూర్చున్న మనిషి పూర్తిగా తీరిగ్గా ఉన్నట్టు కాదు.

తెలుగునాట ఆడవాళ్ల ఆటవిడుపు ఎక్కువగా నోము, వ్రతం, పండుగ పేరుతోనే దక్కింది. అట్లతద్దికి ముందు రోజు రాత్రి రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుంటారు. పచ్చి ఆకు రుబ్బి, వేళ్లకు టోపీల్లా పెట్టి, అరచేతిలో చందమామ దిద్దాక అది ఎండేదాకా ఏ వస్తువూ ముట్టుకోవడానికి లేదు. అంట్లు తోమే పని లేదు, వంటిల్లు సర్దే పని లేదు, అన్నం కూడా ఎవరో ఒకరు కలిపి నోట్లో పెట్టాల్సిందే. తెల్లవారుజామున లేచి చల్దన్నం తిని, చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలలూగి, వీధుల్లో ఆడుకుని రావడానికి ఆ రోజు అత్తగారూ అడ్డు చెప్పదు. తెలంగాణలో తొమ్మిది రోజుల బతుకమ్మ కూడా అంతే. పొద్దున్నే తంగేడు, గునుగు పూలు ఏరుకురావడం, మధ్యాహ్నం కూర్చుని పేర్చడం, సాయంత్రం వాడకట్టంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లతో ఆడటం. ఒంటికి కదలిక, గొంతుకు పాట, చేతికి నైపుణ్యం, చుట్టూ మనుషులు. సొనెంటాగ్ చెప్పిన అంశాలూ చాలావరకు ఇందులో ఉన్నాయి. భక్తి ముసుగు లేకుండా అడిగితే ఆ సాయంత్రాలు దక్కేవా అన్నది అనుమానమే.

పలక దగ్గరా, పడక్కుర్చీ దగ్గరా

పిల్లల విషయంలో ఆట తీరిక సమయపు వ్యవహారం మాత్రమే కాదు, ఎదుగుదలలో భాగం. బేరమాడటం, వంతు కోసం ఆగడం, ఓడి ఏడవకుండా ఇంటికి రావడం పిల్లలు నేర్చేది ఆటల్లోనే, అదీ పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కు చేసింది. భారతదేశం 1992లో దాన్ని ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసే కదలిక కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వాణిజ్య సముదాయం రెండో అంతస్తులో నడిచే బళ్లలోనూ, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టే రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లోనూ ఆ గంట ఎక్కడ సర్దాలో టైమ్‌టేబుల్ వేసేవారే చెప్పాలి.

పెద్ద వయసులో వ్యాపకాల విలువ గురించి బాగా తెలిసిన అధ్యయనం న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగింది. 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్ల పాటు గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. చదవడం, బల్ల మీద ఆడే ఆటలు, వాద్యాలు వాయించడం, నాట్యం అలవాటున్న వాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. ఇంగ్లండ్‌లో యాభై దాటిన ఆరు వేల మందికి పైగా జనాన్ని పద్నాలుగేళ్లు అనుసరించిన మరో అధ్యయనం 2019లో వచ్చింది. కొద్ది నెలలకొకసారైనా నాటకానికో, కచేరీకో, ప్రదర్శనశాలకో వెళ్లేవాళ్లలో ఆ కాలంలో చనిపోయే ముప్పు, అసలు వెళ్లనివారి కంటే 31 శాతం తక్కువగా కనిపించింది. ఇలాంటి అంకెలతో ఒక జాగ్రత్త అవసరం. కాళ్లూ చేతులూ ఆడుతున్నవాళ్లే కచేరీకి వెళ్లగలరు, మతి మందగించడం మొదలైనవాళ్లు ముందుగా మానేసేది పేకముక్కల్నీ పుస్తకాల్నే. ఏది కారణం, ఏది ఫలితం అన్నది పరిశోధకులు సర్దుబాట్లు చేసి చూసినా పూర్తిగా విడిపోదు. అలాగని కీడు చేసే సంగతి కాదు గనక, అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు వామనగుంటల పీట ముందేసుకుని, చింతగింజలు ఒక్కో గుంటలో జారవిడుస్తూ, అవతలి మనిషి ఎత్తు ఎక్కడ ముగుస్తుందో మనసులో లెక్కపెట్టుకోవడాన్ని మాన్పించడానికి కారణమేమీ లేదు.

చోటు లేకపోతే

ఎవరి తీరిక వారి సొంత విషయమనుకుంటే సగం చిత్రమే కనిపిస్తుంది. నడవాలంటే పార్కు కావాలి, ఆడాలంటే మైదానం, చదవాలంటే గ్రంథాలయం. డబ్బున్నవాళ్లకు క్లబ్బులూ రిసార్టులూ ఉంటాయి, లేనివాళ్లకు ఊరి ఉమ్మడి స్థలాలే దిక్కు. తెలుగువాళ్లు ఈ సంగతి తొందరగానే గ్రహించారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదవడ్లపూడి కేంద్రంగా కాలువ పడవల్లో పుస్తకాలు పెట్టించారు. రోడ్లు లేని రోజుల్లో పడవలో గంటల కొద్దీ కూర్చునే ప్రయాణికుల తీరికను గుర్తించి, పుస్తకాన్ని అక్కడికే పంపిన ఆలోచన అది.

గ్రంథాలయాల కోసం ఇప్పటికీ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున సుంకం వసూలవుతోంది. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. అక్కడ నిండి ఉండేది మాత్రం పోటీ పరీక్షల అభ్యర్థులు, వాళ్ల ముందుండేవి సొంత గైడ్లు, నోట్సులు. అద్దె గదిలో ఫ్యాను కింద నలుగురు ఉండే చోట చదువు సాగదు కాబట్టి వాళ్లకు ఆ కుర్చీ ఎంతో అవసరం. నవల కోసం వచ్చే పాఠకుడు మాత్రం జిల్లాల్లోనూ తగ్గిపోయాడు. చాలాచోట్ల శాఖా గ్రంథాలయాలు సాయంత్రం ఏడింటికో ఎనిమిదింటికో తలుపులు మూసేస్తాయి. పది గంటల షిఫ్టు ముగించుకుని బస్సెక్కే మనిషి ఊళ్లోకి వచ్చేది ఆ తర్వాతే.